ఏరు అంటే నీళ్ళు

సూపరింటెండెంటు సారు నాకు ఆ పని అప్పగించేనాటికి నేను కాన్పుల వార్డులో హెడ్ నర్సును. గోదావరికి దగ్గర్లో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక సర్కారు దవాఖానా మాది. కాన్పులకు వచ్చేవాళ్ళలో చాలామంది కోయ గూడేల ఆడవాళ్ళు. పనిచేసేవాళ్ళలో చాలామందిమి మైదానం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం.

"పై నుంచి ఆర్డరొచ్చింది సిస్టర్. స్టాఫ్‌కు క్లాసు చెప్పాలె. మనకు తెల్వకుండనే పేషెంట్లను చిన్నబుచ్చే మాటలుంటయి గదా, జాతిని బట్టి, భాషను బట్టి. వాటిని గుర్తుపట్టుడెట్లనో చెప్పాలె," అన్నారు సారు.

"నేనెందుకు సార్?"

"నీకు మాటలొస్తయి. అందరు నీకు భయపడ్తరు."

ఆ రెండో మాటను కూడా నేను పొగడ్తగానే తీసుకున్నాను.

క్లాసు కోసం పంపిన బొమ్మల పాఠం ఇంగ్లీషులో ఉంది. అందులో ఒక తెల్లాయన ఒక నల్లజాతి నర్సుతో, మీ ఇంగ్లీషు చాలా బాగుందే అంటాడు. ఇంకొకావిడ ఆమె జుట్టు ముట్టుకుని చూస్తుంది. దాన్ని ఇంట్లో రెండు రోజులు చదివాను. ఇవి మా వాళ్ళకు ఏం ఎక్కుతాయని దిగులేసింది. అప్పుడు నా సొంత కథ ఒకటి గుర్తొచ్చింది.

మాది ముదిగొండ దగ్గరి పల్లె. పదిహేడేళ్ళప్పుడు నర్సింగు స్కూల్లో చేరాను. హాస్టల్లో అన్నం తినేటప్పుడు కోస్తా వైపు నుంచి వచ్చిన కొందరు అమ్మాయిలు నా చేత "గిట్ల", "గట్ల" అనిపించుకుని నవ్వేవాళ్ళు. "మళ్ళీ అనవే, ముద్దుగా ఉంది," అనేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. జ్వరమొస్తే నా మంచం దగ్గర కూర్చున్నది కూడా వాళ్ళే. కానీ ఆ ఏడాదంతా నేను భోజనాల దగ్గర నోరు విప్పలేదు. పప్పు కావాలంటే గిన్నె వైపు వేలు చూపించేదాన్ని.

మొదటి క్లాసులో ఈ కథే చెప్పాను. హాలంతా కదిలిపోయింది. మందులిచ్చే ఫార్మసిస్టు లేచి, పట్నంలో కిరాయి ఇల్లు వెతికినప్పుడు ఇంటాయన తన యాస విని ఎట్లా మాట్లాడాడో చెప్పాడు. సాయంత్రం షిఫ్టు చూసే సీనియర్ నర్సు, తన రంగు గురించి ఆడపడుచులు అన్న మాటలు చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఒకరి తరువాత ఒకరు చెప్పారు. మూడు గంటల క్లాసు నాలుగు గంటలు సాగింది. చివరికి అందరం ఫోటో దిగాం. నాకు మహా తృప్తిగా అనిపించింది.

హాలు ఖాళీ అయ్యాక టీ గ్లాసులు ఏరుతూ మా వార్డు ఆయా కనిపించింది. ఆమె కోయ మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. నేను ఆ దవాఖానాకు రాకముందు నుంచే అక్కడ పనిచేస్తోంది. క్లాసుకు ఆమెను ఎవరూ పిలవలేదు. స్టాఫ్ అంటే ఆయాలు గుర్తుకు రాలేదు మాకు. తలుపు పక్కన నిలబడి అంతా వింది.

"ఎట్లుంది క్లాసు?" అని అడిగాను, మెచ్చుకుంటుందని.

ఆమె గ్లాసులు ట్రేలో పెడుతూనే అంది, "మంచిగనే ఉంది సిస్టరమ్మా. అందరికి దెబ్బలే తగిలినయన్నరు. మరి కొట్టినోళ్ళెవరు?"

నాకు కొంచెం కోపం వచ్చింది. "ఏందది, సరిగ్గ చెప్పు," అన్నాను.

"నేనేం చెప్త? మీరు చదువుకున్నోళ్ళు." ట్రే ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట నాలుగు రోజులు నన్ను వదల్లేదు. వార్డులో తిరుగుతూ నా నోటి నుంచి, మా వాళ్ళ నోళ్ళ నుంచి వచ్చే మాటలు వినడం మొదలుపెట్టాను. మైదానం నుంచి వచ్చినావిడను "అమ్మా, పేరేంది?" అని అడిగేవాళ్ళం. గూడెం నుంచి వచ్చినామెను "ఏ పిల్లా, ఏ గూడెం?" అని అడిగేవాళ్ళం. కోడలి కాన్పుకు తోడొచ్చిన అత్త పక్కన ముప్పై ఏళ్ళ కొడుకు నిలబడి ఉన్నా ఆమె మాకు పిల్లే. తెలుగు తక్కువ వచ్చినవాళ్ళతో చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరిచేవాళ్ళం. ఇవన్నీ ప్రేమతోనే చేస్తున్నామని మా నమ్మకం.

రెండో వారం ఆయాను పట్టుకున్నాను. "వచ్చే క్లాసు నువ్వు చెప్పాలె," అన్నాను.

"నా మాట ఎవరింటరు సిస్టరమ్మా?"

"నేను కూసోబెట్టి వినిపిస్త."

ఆమె చేతిలో బకెట్ కింద పెట్టింది. "చెప్పుడు నాకు రాదు. చేసి చూపిస్త. ఎవర్ని తిట్టను. కానీ మీరు పేషెంటు లెక్క పండుకోవాలె. పండుకుంటరా?"

ఒప్పుకున్నాను. ఏం ఒప్పుకుంటున్నానో నాకు తెలియదు.

రెండో క్లాసు రోజు హాలు మధ్యలో బెంచీ వేసి నన్ను పడుకోబెట్టింది. ఒంటిమీద వార్డు దుప్పటి కప్పింది. నా రిజిస్టరు, నా పెన్ను తీసుకుంది. ఇక ఆమె ఆయా కాదు. నడుం మీద చెయ్యి వేసుకుని, బెంచీ కాలుకు పెన్నుతో టకటకా కొడుతూ నా దగ్గరికి వచ్చింది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అది నా నడక. మంచం కమ్మీకి పెన్ను కొట్టడం నా అలవాటని నాకప్పటిదాకా తెలియదు.

ఆమె కోయలో మాట్లాడటం మొదలుపెట్టింది. గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, నా మొహం మీదికి వంగి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని తల ఊపితే ఇంకా గట్టిగా అదే మాట అంది. మాలో కోయ గూడెం నుంచి వచ్చిన స్టాఫ్ నర్సు ఒకే ఒక్క అమ్మాయి. కొత్తగా ఉద్యోగంలో చేరింది. దవాఖానాలో ఆమె కోయ మాట్లాడగా మేమెప్పుడూ వినలేదు. ఆయా ఆమె వైపు తిరిగి ఏదో అంది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. నేను కోటు గుండీలు తడుముకున్నాను, ఏదైనా ఊడిందేమోనని. ఆటని తెలిసి కూడా చెవులు వేడెక్కాయి.

ముందు అనుకున్న ప్రకారం నేను నీళ్ళు అడగాలి.

"నీళ్ళియ్యి," అన్నాను.

ఆమె నా బుగ్గ మీద తట్టింది. ఈసారి తెలుగులో అంది, అచ్చం నా గొంతుతో. "ఏరు పొంగితే పొంగనీ. మీ గూడెపోళ్ళకు ఎప్పుడు జూడు ఏరు గోలనే. సప్పుడు చెయ్యక పండుకో." నవ్వుకుంటూ, పెన్ను కొట్టుకుంటూ పక్క మంచానికి పోయినట్టు నడిచి వెళ్ళిపోయింది.

అందరూ నవ్వారు. నేను మాత్రం లేచి కూర్చున్నాను. ఆ మాటలు నావి. ఎప్పుడన్నానో గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది.

పదకొండేళ్ళ కిందటి వానాకాలం. వాగులన్నీ పొంగి దారులు తెగిపోయిన వారం. మధ్యాహ్నం ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల ప్రసవించింది. ఆడబిడ్డ. ఆ పిల్లకు తెలుగు దాదాపు రాదు. మంచం మీద పడుకుని "ఏరు, ఏరు" అంటోంది. ఇంటికి ఎట్లా పోవాలా, వాగు దాటడమెట్లా అని బెంగపడుతోందని అనుకున్నాను. బుగ్గ తట్టి ఆ మాట అన్నాను. ఓదార్చాననే అనుకున్నాను.

ఆయా హాలు వైపు తిరిగింది. "మా మాటల ఏరు అంటే నీళ్ళు. ఆ పిల్ల గంట సేపు నీళ్ళడిగింది," అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఫార్మసిస్టు నన్ను ఆదుకోవాలని చూశాడు. "మేడంకెట్ల తెలుస్తది? భాష రాదాయె. గది తప్పెట్లయితది?"

"భాష రాకపోవుడు తప్పు కాదు సారూ," అంది ఆయా. "నేను ఆడనే కింద తుడుస్తున్న. ఏమంటుందని నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె. అడగలే. ఆ పిల్ల ఏమంటదో ముందే తెలిసినట్టు సిస్టరమ్మ నవ్వి పోయింది." గొంతు తగ్గించి అంది. "నేను గూడ సిస్టరమ్మ పొయ్యేదాక ఆగిన. ఆమె ముంగట చెప్పనీకి భయమేసింది. పోయినంక చెంబెడు నీళ్ళిస్తే గటగట తాగింది. ఆగుడు నా తప్పు."

కొత్తగా చేరిన కోయ నర్సు కూర్చున్న చోటి నుంచే మాట్లాడింది. "నన్ను అందరు 'నువ్వు కోయదాని లెక్క లేవే' అంటరు. మంచి మాట అన్నమనుకుంటరు. నేను థాంక్స్ అంట. ఇంటికి పోయి మా అమ్మను చూస్తే ఎట్లనో అయితది."

ఆ మాట ఆమెతో అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తల దించుకున్నాను.

ఆ తరువాత మాట్లాడింది సాయంత్రం షిఫ్టు సీనియర్ నర్సు. మొదటి క్లాసులో తన రంగు గురించి చెప్పి ఏడ్చినావిడే. ఈసారి ఏడవలేదు. "కుట్లేసేటప్పుడు నేను మత్తు సూది పట్టేదాక ఆగకపోయేదాన్ని. గూడెపోళ్ళకు నొప్పి తెల్వదని నాకు నేర్పినోళ్ళన్నరు. నేను నమ్మిన. వాళ్ళు అరవరు గదా. అరవకపోతే నొప్పి లేదనుకున్న," అంది. ఎవరూ ఆమెను ఓదార్చలేదు, తప్పుబట్టలేదు. ఆయా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

ఆ రోజు ఫోటో దిగలేదు.

సాయంత్రం వెనక వరండాలో ఆయా దుప్పట్లు మడతపెడుతుంటే వెళ్ళి ఒక కొస పట్టుకున్నాను. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు మీరు?" అన్నాను.

ఆమె మడత ఆపేసి నన్ను చూసింది. "మీరా? నన్నా?" అని నవ్వింది.

"పెద్దదానివి గదా. ఇన్నాళ్ళు 'నువ్వు' అని పిలిచిన, తప్పైంది."

"గట్ల దూరం పెట్టకు సిస్టరమ్మా. మా ఇండ్లల్ల అమ్మను గూడ నువ్వనే అంటం. నువ్వు అను. కానీ ఆయా అనకు, అక్కా అను. ఆయా నా పని, నా పేరు కాదు."

"సరే అక్కా. మరి నువ్వు నన్ను చెల్లె అంటవా?"

"బయట అంట. వార్డుల సిస్టరమ్మనే. లేకుంటే నీ మాట ఎవ్వరు ఇనరు."

నేను అడిగినదానికి జవాబు దుప్పట్లన్నీ అయిపోయాక చెప్పింది. "మొదట్ల చెప్తే పనిల నుంచి తీసేపిస్తవనుకున్న. తర్వాత నువ్వు మంచిదానివని తెలిసింది. అప్పటికి చెప్పే యాళ్ళ దాటిపోయింది. మంచిదానికి చెప్పుడు ఇంకా కష్టం."

నీళ్ళడిగిన ఆ పిల్లను చూడాలనుందని అన్నాను. "చూసి?" అంది. క్షమించమని అడుగుతానన్నాను. "నీ బరువు దించుకోనీకి గంత దూరం పోతవా?" అంది కానీ, వద్దనలేదు. ఆ పిల్ల ఉండే గూడెం అక్క పెద్దమ్మ కోడలి పుట్టినూరే.

ఎండాకాలంలో ఒక ఆదివారం ఇద్దరం బయల్దేరాం. చండ్రుగొండ దాటాక బస్సు దిగి, ఆటో పోయినంత దూరం పోయి, మిగతాది నడిచాం. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. ప్రతి ఇంటి ముందూ ఆకు కట్టలు కడుతున్నారు. ఆ పిల్ల ఇప్పుడు ముప్పై ఏళ్ళ మనిషి. వాకిట్లో కూర్చుని ఆకులు దొంతిగా పేర్చి నారతో కడుతోంది. అక్క కోయలో ఏదో చెప్పింది. ఆమె నన్ను చూసి, మంచం వాల్చి, తెలుగులో "కూసో సిస్టరమ్మా, ఎండల పడొచ్చినవ్," అంది.

తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నవే అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. అక్క నా మొహం చూసి అదేమిటో కనిపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వచ్చిన పని చెప్పాను. నీళ్ళ సంగతి, నేనన్న మాట, అన్నీ. ఆమె ఆకులు కట్టడం ఆపకుండానే వింది.

"నీళ్ళా? యాదికి లేదు," అంది. "ఆ రోజు నొప్పులే యాదికి లేవు. ఎప్పటియో."

నా మనసు తేలికపడింది. ఆమె ఇంకో కట్ట ముడి వేసి అంది. "పేరు యాదికుంది."

"ఏం పేరు?"

"బిడ్డ పేరు. కాయితంల రాయనీకి అడిగినవ్ గదా. మా అత్త వాళ్ళమ్మ పేరు చెప్పిన. నీకు తెలియలే. రెండు సార్లు చెప్పిన. 'ఇదేం పేరు, బడిల నవ్వుతరు, నేను మంచి పేరు రాస్త తీ' అని నువ్వే ఒక పేరు రాసినవ్."

ఇది నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే సిగ్గుపడాల్సిన విషయమని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రోజుల్లో అట్లా ఎంతోమంది పిల్లలకు పేర్లు పెట్టాను. ఇంటికొచ్చి మా ఆయనతో గొప్పగా చెప్పేదాన్ని, ఇవాళ ఇద్దరికి పేరు పెట్టానని. చదువుకున్నవాళ్ళ పేరుంటే ఆ పిల్లలకు నలుగురిలో సులువవుతుందని నా ఆలోచన.

"నువ్వు మంచికే రాసినవ్. బడిల ఎవ్వరు నవ్వలే," అంది ఆమె. "కానీ మా అత్త సచ్చేదాక నువ్వు రాసిన పేరుతోని బిడ్డను పిలవలే."

నేను తెచ్చిన క్షమాపణ అప్పటికే అయిపోయింది. అక్క వైపు చూశాను. ఆమె కొన్ని ఆకులు ముందుకు లాక్కుని దొంతిగా పేర్చడం మొదలుపెట్టింది.

ఇంతలో ఆ బిడ్డే వచ్చింది. పదకొండేళ్ళది, రెండు జడలు, చేతిలో కోసిన ఆకు మూట. మూట దించి తల్లి పక్కన కూర్చుంది. నీకు ఏ పేరు ఇష్టమని అడిగాను. ఆ పిల్ల నన్నొక పిచ్చి ప్రశ్న అడిగినదాన్ని చూసినట్టు చూసింది.

"బడిల ఒకటి, ఇంట్ల ఒకటి. బడి పేరు పిలిస్తే పలుకుత. ఇంట్ల పేరు పిలిస్తే ఉరుకుత."

"కాయితం మార్పించమంటవా?"

తల్లీబిడ్డా కోయలో మాట్లాడుకున్నారు. చాలాసేపే మాట్లాడుకున్నారు. నేను అడ్డం పోలేదు, ఏమంటున్నారని అక్కను కూడా అడగలేదు. చివరికి పిల్ల అంది, "రెండు ఉండాలె. ముందు ఇంట్లది, ఎనక బడిది. బడిది తీసేస్తే మా టీచరు హాజరు పట్టిల ఎతుక్కుంటది."

ఆ మధ్యాహ్నం అక్కడే తిన్నాం. జొన్న గటక, చింతచిగురు పప్పు. తిన్నాక మమ్మల్ని ఊరికే కూర్చోనివ్వలేదు. నారతో ముడి వేయడం ఆ పిల్ల నాకు నేర్పింది. నేను కట్టినవి రెండు విప్పి మళ్ళీ కట్టింది.

పేరు మార్చడం ఒక్కరోజులో అయ్యే పని కాలేదు. దవాఖానా పాత రిజిస్టరు వెతికి తీశాను. నా చేతిరాతే. పంచాయతీ ఆఫీసులో సెక్రెటరీ, "పిల్ల పెద్దగైంది గదమ్మా, గిప్పుడెందుకు ఈ పని?" అన్నాడు. తప్పు నాదని, రాసింది నేనేనని చెప్పాను. బడి నుంచి కాగితం తెమ్మన్నాడు. తెస్తే తండ్రి సంతకం కావాలన్నాడు. అక్క, నేను మూడుసార్లు తిరిగాం. ఈలోగా దవాఖానాలో ఇంకో రెండు క్లాసులు జరిగాయి. రెండూ అక్కే చేసింది. హాలు పక్కన తలుపు దగ్గర కాదు, ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మూడో క్లాసుకు సూపరింటెండెంటు సారు కూడా వచ్చి బెంచీ మీద పడుకున్నారు. ఆమె ఆయన లెక్క స్టెతస్కోపు తిప్పుకుంటూ నడిస్తే నవ్వులతో హాలు పగిలిపోయింది. సారు అందరికంటే ఎక్కువ నవ్వి, తరువాత స్టెతస్కోపు తీసుకుని జేబులో పెట్టేసుకున్నారు.

వానలు మొదలైన వారంలో సెక్రెటరీ రమ్మని కబురు పెట్టాడు. గూడెం నుంచి తల్లీబిడ్డా వచ్చారు. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఇంట్లో పేరు కొట్టి, గట్టిగా చదివాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకోసారి కొట్టాడు. అదీ కాదంది. సాయం చేద్దామని నేను నోరు తెరిచాను. నేను పలికింది ఆయన కంటే అధ్వానం. అక్క నా మోచేయి పట్టుకుని వెనక్కి లాగింది. పిల్ల టేబుల్ మీదికి వంగి, ఒక్కో అక్షరం, ఎక్కడ సాగదియ్యాలో ఎక్కడ ఆపాలో చెప్పింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "మెల్లగ తల్లీ, మెల్లగ," అంటూ చెరిపి మళ్ళీ కొట్టాడు.

కాగితం చేతికొచ్చాక బస్సుకు ఇంకా టైముంది. ఎదురుగా ఉన్న హోటల్లో నలుగురం ఉప్మా తిని టీ తాగాం. అక్కకు చదువు రాదు. తనకు చదివి వినిపించమంది. పిల్ల పైనుంచి కిందిదాకా, ఆఫీసు పేరు, తేదీలు, ముద్రలతో సహా చదివింది. తల్లి పేరు వచ్చిన చోట ఆగి తల్లిని చూసింది. అయిపోయాక అక్క టీ గ్లాసు కింద పెట్టి, "ఇంకోపాలి చదువు, మొదట్నుంచి," అంది. పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది.